పదునాలుగవ యేటి గడప

(పల్నాటి పఠనాలయ సభలో గావించిన యుపన్యాస పాఠము)



నేటి సభకు మేమెంచుకొన్న విషయము విద్యయు న్యాయమును. ఇవి వేఱువేఱు శాఖలని ప్రభుత్వ కార్యాలయములు తలంచును. విద్యకొక మంత్రి, న్యాయమునకొక మంత్రి, బాలసంక్షేమమునకు మఱియొక మంత్రి. కాని మాచర్ల చేరువ తండాలో పుట్టిన బాలుని జీవితమున నివి మూడు శాఖలు కావు. ఒకే త్రోవలోని మూడు మలుపులు. మొదటి మలుపున బడి వానిని విడుచును. రెండవ మలుపున కూలి వానిని పట్టుకొనును. మూడవ మలుపున, దైవ మనుకూలింపనిచో, పోలీసుఠాణా వానికై కాచియుండును. ఈ త్రోవ మొదలగునది పదునాలుగవ యేటి గడపయొద్దనే. ఆ గడపను మన పిల్లలచేత క్షేమముగా దాటింపవలెననిన శాసనము కావలెననియు, ఆ శాసనమును మన రాష్ట్ర శాసనసభయే చేయవలెననియు, చేయగలదనియు మనవిచేయుటయే మా యుద్దేశము.

పల్నాటివారికి శాసనమనిన నమ్మకము తక్కువ. అందుకు కారణము లేకపోలేదు. 1921, 1922 సంవత్సరములలో ఈ సీమ రైతులు శాసనము నెఱిగినది పుల్లరి రూపమున. తమ యూరి యడవిలో తమ పశువులు మేసినందుకు పన్ను కట్టుడని సర్కారు శాసించెను. కట్టబోమని నిలిచిన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో మించాలపాడున పోలీసు గుండ్లకు నేలకొఱిగెను. నాటినుండి శాసనమను మాట పల్నాటి చెవికి తుపాకి చప్పుడుతో గూడియే వినబడుచున్నది. కాని హనుమంతు పోరాడినది శాసనమే కూడదని కాదు. ప్రజల నడుగక, ప్రజల మేలు గోరక చేసిన శాసనము చెల్లదని. నేడు మనము చేసికొన్న రాజ్యాంగమున్నది. మన యోట్లతో నేర్పడిన శాసనసభ యున్నది. ప్రజలయొద్ద పుచ్చుకొను శాసనము నెదిరించిన పల్నాడు, ప్రజల కిచ్చు శాసనము నడుగుటకు వెనుదీయరాదు.

చదువును శాసనముచేత నందఱకు నందింపవలెనను కోరిక నిన్నటిది కాదు. 1911 లో గోపాలకృష్ణ గోఖలేగారు నాటి వైస్రాయి శాసనసభలో ప్రాథమిక విద్యాబిల్లును ప్రవేశపెట్టిరి. దేశమంతట నొక్కమాఱు నిర్బంధవిద్యను విధింపుడని కూడ ఆయన యడుగలేదు. స్థానిక సంస్థలు కోరినచోట్ల విధించుటకు వీలు కల్పింపుడని మాత్రమే యడిగిరి. ఆ కొద్దిపాటి కోరికయు మఱుసటి యేడు వీగిపోయెను. 1920 లో చెన్నరాజధానికి ప్రాథమిక విద్యాశాసనము వచ్చెను. అదియు నిర్బంధమును స్థానిక సంస్థల యిష్టమునకే వదలెను. ఇష్టమునకు వదలిన శాసనము కలిగినవాని వీధిలోనే దీపము పెట్టును. అడుగుటకు నోరును, కట్టుటకు సుంకమును లేని మెట్టసీమకు అది కాగితముగానే మిగులును.

స్వరాజ్యము వచ్చినది. 1950 లో అమలునకు వచ్చిన రాజ్యాంగము, పదియేండ్లలోపల 14 ఏండ్ల వఱకు గల బాలబాలికల కందఱకును ఉచిత నిర్బంధవిద్య గఱపుటకు రాజ్యము ప్రయత్నింపవలెనని 45 వ యధికరణమున వ్రాసికొన్నది. 1960 వచ్చినది, పోయినది. అది ఆదేశిక సూత్రమే కాని హక్కు కానందున నడుగువాడు లేకపోయెను. 1993 లో సర్వోన్నత న్యాయస్థానము 14 ఏండ్ల వఱకు విద్య హక్కేయని తీర్పు చెప్పెను. ఆ వ్యాజ్యము ఉన్నికృష్ణన్, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రముల నడుమ నడచినది. అది పుట్టుట పసివారి బడులనుగూర్చి కాదు. వైద్య, ఇంజనీరింగు కళాశాలలు గుంజు కాపిటేషన్ రుసుములనుగూర్చి. ధనికుల కళాశాలల తగవులో పేదబాలున కొక హక్కు దొరకినది! పిమ్మట 2002 లో 86 వ రాజ్యాంగ సవరణయు, 2009 లో విద్యాహక్కు శాసనమును వచ్చినవి. ఆ శాసనము 2010 ఏప్రిల్ 1 న అమలునకు వచ్చెను. గోఖలేగారి బిల్లునకును ఆ దినమునకును నడుమ 99 ఏండ్లు గడచినవి.

ఈ శాసనము స్వల్పమైనది కాదు. ఇంటికి చేరువనే బడి యుండవలెననినది. ఏ యేట వచ్చినను పిల్లవానిని వయస్సునకు దగిన తరగతిలో జేర్చుకొని, వెనుకబడిన పాఠములను ప్రత్యేకముగా నేర్పవలెననినది. బెత్తమును నిషేధించినది. సర్కారు బడి యాజమాన్య సంఘమున నాలుగింట మూడుపాళ్లు తల్లిదండ్రులును సంరక్షకులునే యుండవలెననియు, సభ్యులలో సగము స్త్రీలు కావలెననియు విధించినది. ప్రైవేటు బడులు సైతము ప్రవేశపు తరగతిలో నాలుగవ వంతు సీట్లను బలహీనవర్గముల పిల్లలకు ఉచితముగా నీయవలెననినది. అయినను, ఈ నాలుగవ వంతు మాట మన రాష్ట్రమున ఉన్నత న్యాయస్థానము కలుగజేసికొన్న పిమ్మట 2022-23 విద్యాసంవత్సరమున గాని యాచరణమునకు రాలేదు. శాసనము అమలునకు వచ్చిన 12 ఏండ్లకు! ఒకటవ తరగతిలో నుండదగిన పిల్లవాడు ఆలోపల ఇంటర్మీడియెట్టు దాటిపోయినాడు. ఒకసారి పోయిన బాల్యమునకు బకాయి చెల్లింపులేదు గదా!

అయితే ఆ శాసనము సంపూర్ణముగా నమలయినను అది 6 వ యేట మొదలై 14 వ యేట ఆగిపోవును. ఎనిమిదవ తరగతి దాటినవాడు తొమ్మిదవ తరగతికి వచ్చెనా, రాలేదా యని యడుగుటకు రాజ్యమునకు బాధ్యత లేదు. అడిగించుకొనుటకు పిల్లవానికి హక్కు లేదు. సరిగా ఆ గడపయొద్దనే మఱి రెండు శాసనములు నిలిచియున్నవి. మొదటిది 1986 నాటి బాలకార్మిక శాసనము. 2016 లో సవరింపబడిన పిమ్మట, అది 14 ఏండ్ల లోపువారిని సొంత కుటుంబపు పనివంటి కొన్ని మినహాయింపులు తప్ప ఎల్లపనులనుండియు వారించుచున్నది. 14 నిండి 18 నిండని వారినో, గనులు, ప్రేలుడు పదార్థములు, అపాయకరములైన కర్మాగారపు పనులు మాత్రమే కూడదని తక్కిన కూలికి విడుచుచున్నది. రెండవది 2015 నాటి బాలన్యాయ శాసనము. 16 నిండి 18 నిండని వానిపై ఘోరనేరము మోపబడినచో, వానిని పెద్దవానివలెనే విచారించుటకు అది త్రోవ తెఱచినది. మూడింటిని ఒకచోట జేర్చి చదువుడు. 14 వ యేట బడి చేయి విడుచుచున్నది. 14 వ యేటనే కూలి చేయి చాచుచున్నది. 16 వ యేట న్యాయస్థానము 'నీవు పెద్దవాడవైతివి' అనుటకు సిద్ధముగా నున్నది. ఈ మూడు శాసనములను చేసినది ఒకే పార్లమెంటు. కాని ఒకదాని మాట ఇంకొకటి విన్నట్లు కనబడదు.

ఇది కాగితముమీది వాదము కాదు. పల్నాటి పొలములలో కంటికి గనబడు సత్యము. మన సీమ ప్రత్తికిని మిరపకును పుట్టినిల్లు. ప్రత్తితీత శీతకాలమునకు ముందే మొదలగును. మిరపకోత జనవరినుండి వేసవి ముదురువఱకు సాగును. పదవ తరగతి పరీక్షలు మార్చినెలలో వచ్చును. అనగా బడిసంవత్సరములో రెండవ సగమంతయు పొలము పిలుచుచుండును. పండిన కాయను చెట్టున నుంచరాదు గనుక రైతుకు తొందర. కోతకూలి సంవత్సరములో ఆ నాలుగు నెలలే దొరకును గనుక కూలివానికి తొందర. ఈ రెండు తొందరల నడుమ నలిగిపోవునది తొమ్మిదవ తరగతి పిల్ల. ఇంతేకాక, కర్నూలు జిల్లా పడమటి భాగమునుండి, ఆదోని, కోసిగి, మంత్రాలయము ప్రాంతములనుండి కుటుంబములకు కుటుంబములే మిరపకోతకు మన వైపునకు తరలివచ్చును. పిల్లలను ఒంటరిగా విడువలేక వెంట దెచ్చుకొందురు. అక్కడి బడి హాజరుపట్టీలో పేరుండును, పిల్లవాడుండడు; ఇక్కడి పొలమున పిల్లవాడుండును, ఏ పట్టీలోను పేరుండదు. పిడుగురాళ్ల సున్నపు బట్టీల చెంతను, నాపరాతి గనుల చెంతను కాపురముండు కూలివారి బిడ్డల గతియు నిట్టిదే. వలసవెళ్లువారి బిడ్డలకు ఊరిలోనే సీజనల్ హాస్టళ్లను తెఱచుట మంచి యేర్పాటే. కాని అది ఏటేట నిధులు వచ్చినప్పుడు తెఱచు యేర్పాటు; హక్కు కాదు.

ఆడపిల్లల మాట మఱింత కఠినము. 1929 నాటి శారదా శాసనము బాలిక వివాహవయస్సును 14 గా నిర్ణయించినది. 1949 లో అది 15 అయినది. 1978 లో 18 అయినది. 2006 నాటి బాల్యవివాహ నిషేధ శాసనమును 18 నే నిలిపినది. వివాహపు గడప 14 నుండి 18 కి జరిగినది. బడి గడప మాత్రము 1950 లో నున్న 14 నుండి కదలలేదు. ఈ నడుమ నాలుగేండ్లు ఆడపిల్ల యెక్కడ నుండవలెను? పెండ్లి కూడదని ఒక శాసనము. చదువు చెప్పు బాధ్యత మాకు లేదని ఇంకొక శాసనము. బడి లేని యింట ఎదిగిన పిల్లను చూచి తండ్రి భయపడును. ఆ భయమే ముహూర్తము పెట్టించును. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రమున 20 నుండి 24 ఏండ్లలోపు స్త్రీలలో 29.3 శాతము మందికి 18 నిండకమునుపే పెండ్లి యైనట్లు తేలినది. దేశపు సగటు 23.3 శాతము. విద్యలో ముందంజ వేసితిమని చెప్పుకొను రాష్ట్రమున కిది తలవంపు. పెండ్లిపందిరికి పోలీసులను పంపుటకన్న, ఆ పిల్లకు పదునెనిమిదేండ్లవఱకు బడిలో చోటును, దూరమైనచో వసతిని హక్కుగా నిచ్చుట మేలైన నివారణము.

ఇక న్యాయము మాట. పల్నాటివారికి బాలచంద్రుని కథ తెలియనిది కాదు. కారెమపూడి వీరుల గుడిలో ఆతని నేటికిని గొలుచుచున్నాము. ఆతని శౌర్యమును పాడుచున్నాము, పాడవలసినదే. కాని ఆ కథలో మఱియొక పాఠమును గలదు. కోడిపందెములతో ముదిరిన పెద్దల పగకు నిండు ప్రాయము రాని కుఱ్ఱవాడు బలియయ్యెను. పగ పెద్దలది, ప్రాణము పిన్నలది. నేటి మన కక్షలలోను ఇదియే జరుగుచున్నది. 2024 మే 13 నాటి పోలింగు దినమునను, ఆ పిమ్మటను మాచర్ల, నరసారావుపేట ప్రాంతములలో జరిగిన యల్లరులు దేశమంతయు నెఱిగినవే. జిల్లాలో 144 వ సెక్షను విధింపబడినది. ఎన్నికల సంఘము జిల్లా యధికారులపై చర్య గైకొనవలసి వచ్చినది. ఇట్టి కక్షలలో ముందు వరుసకు నెట్టబడువారు ఎవరు? చదువు సగములో నిలిచి, పని దొరకక, వీధి అరుగుమీద గూర్చున్న కుఱ్ఱవారు. నాయకుడు రాజీపడును, కుఱ్ఱవాని పేరు ఎఫ్.ఐ.ఆర్. లో మిగిలిపోవును. పాస్‌పోర్టునకు పోయిననాడు, ఉద్యోగమునకు పోయిననాడు ఆ పేరు ముందుగా వచ్చి నిలుచును.

బడియు న్యాయమును విడిపోయినచో బడి సైతము చెఱసాలయగునని మన ప్రాంతపు చరిత్రయే చెప్పుచున్నది. 1871 లో తెల్లదొరలు చేసి, 1911 లో గట్టిపఱచిన నేరస్థజాతుల శాసనము కొన్ని కులములలో పుట్టినవారిని పుట్టుకచేతనే నేరగాండ్రుగా లెక్కించినది. ఆ శాసనము క్రిందనే బాపట్ల చేరువ స్టూవర్టుపురపు సెటిల్‌మెంటు వెలసినది. పిల్లలను తల్లిదండ్రులనుండి వేఱుచేసి సంస్కరణ పాఠశాలలలో నుంచుటకు 1911 నాటి శాసనము సర్కారున కధికార మిచ్చినది. బడియను పేరనే తల్లిని దూరముచేసిన శాసనమది! 1947 లో చెన్నరాజధానిలోను, 1952 లో దేశమంతటను అది రద్దయినది. 1970 ల నాటికి హేమలతా లవణముగారు, లవణముగారు ఆ యూరికి బోయి పనిచేయవలసిన యవసర మింకను మిగిలియుండెను. శాసనము ఒక దినమున చేసిన గాయము తరతరములు మానలేదు. చెడు శాసనమునకే యింత బలమున్నప్పుడు మంచి శాసనమునకు బలముండదని యెట్లనగలము?

మంచి శాసనము కొంత నేడును గలదు. అందలి విషయములు ప్రతి తల్లికిని తండ్రికిని తెలియదగినవి గనుక నిచ్చట చెప్పుచున్నాము. బాలన్యాయ శాసనము ప్రకారము 18 నిండనివానిని పోలీసు లాకప్పులోగాని జైలులోగాని ఉంచరాదు. పట్టుకొన్నది మొదలు, ప్రయాణకాలము పోను, 24 గంటలలోపల బాలన్యాయ మండలి యెదుట నిలుపవలెను. ప్రతి జిల్లాకును కనీస మొక మండలి యుండవలెను. అందొక మేజిస్ట్రేటును ఇద్దఱు సంఘసేవకులును ఉందురు. ఆ యిద్దఱిలో నొకరు స్త్రీ కావలెను. నేరము బెయిలబులైనను నాన్‌బెయిలబులైనను బెయిలు ఇచ్చుటయే నియమము. ఈయనిచో కారణము వ్రాయవలెను. బాలుని పేరును ఛాయాచిత్రమును పత్రికలు ప్రకటింపరాదు. ప్రతి ఠాణాలోను బాలసంక్షేమ పోలీసు అధికారి యుండవలెను. విచారణ ముగిసిన పిమ్మట ఆ నేరము వాని భవిష్యత్తునకు అనర్హత కాగూడదు. ఇన్ని యున్నను, హక్కు తెలియని యింట అది లేనిదానితో సమానమే. 'మా వాడు పదునేడేండ్లవాడు, అయ్యా' యని ఠాణా మెట్లమీద తల్లి చెప్పగలిగిననాడే ఈ సెక్షనులకు ప్రాణము వచ్చును. ఆ వయస్సు నిరూపించుటకు శాసనము మొదట చూచునది బడి యిచ్చిన పుట్టుకతేది పత్రము. బడి పట్టీలో పేరు లేనివాడు తన బాల్యమునే నిరూపించుకొనుటకు కష్టపడవలసివచ్చును.

16 నిండినవానిపై ఘోరనేరము, అనగా కనీసశిక్ష ఏడేండ్లు గాని అంతకు మించి గాని గల నేరము మోపబడినచో, మండలి యొక ప్రాథమిక పరిశీలన జరుపును. ఆ నేరము చేయుటకు వానికి దేహమనస్సుల శక్తి గలదా, ఫలితము నెఱుగు బుద్ధి గలదా, ఏ పరిస్థితులలో జరిగినదని విచారించును. గలదనుకొన్నచో వానిని పెద్దవానిగా విచారించుటకు బాలల న్యాయస్థానమునకు పంపవచ్చును. మరణశిక్షయు, విడుదలకు వీలులేని యావజ్జీవమును అప్పుడును విధింపరాదు. కాని పూర్వము చెప్పిన అనర్హత తొలగింపు వానికి లేదు. ఫలితము నెఱుగు బుద్ధి వానికి గలదా యని రాజ్యము విచారించును. ఆ బుద్ధిని గఱపవలసిన యేండ్లలో రాజ్యమెక్కడ నుండెనని మాత్రము ఎవరును విచారింపరు. మా యభియోగ మిదియే.

నేరమునకు గుఱియైనవారి కన్నీటిని మేము మఱచితిమని తలపవలదు. కూతురిని కోల్పోయిన తల్లికి, నేరస్థుని వయస్సు పదునేడని చెప్పిన ఊరట కలుగదు. 2012 డిసెంబరు నాటి ఢిల్లీ ఘోరమే 2015 నాటి శాసనమునకు దారితీసినది. ఆ యాగ్రహము న్యాయమైనది. శిక్ష వలదని మేమనుట లేదు. శిక్షకు ముందు చేయవలసిన పని రాజ్యము చేసినదా యని యడుగుచున్నాము. నేరము జరుగక నిలుచుటయే బాధితురాలికి జరుగు మొదటి న్యాయము. పదునాలుగవ యేట బడినుండి జారిన కుఱ్ఱవానిని పదునైదవ యేట బడికి దెచ్చుట ఆ న్యాయములో భాగమే.

'ప్రభుత్వములు ఇంత చేయుచుండగా శాసన మెందుకు?' అని కొంద ఱందురు. చేయుచున్నవి, కాదనము. కాని ఉత్తర్వుతో వచ్చినది ఉత్తర్వుతోనే పోవును. 2022 లో 117 సంఖ్యగల ప్రభుత్వోత్తర్వు మూడు, నాలుగు, ఐదు తరగతులను ప్రాథమిక పాఠశాలలనుండి తీసి ఉన్నత పాఠశాలలకు చేర్చు క్రమము తెచ్చెను; 2025 లో దానిని తొలగించి మఱియొక క్రమము తెచ్చిరి. 2020 లో మొదలైన అమ్మఒడి పోయినది. 2025 లో తల్లికి వందనము వచ్చినది. ఏది మేలో నిర్ణయించుట మా పని కాదు; మేము ఏ పక్షమువారమును కాము. పక్షము మాఱిన ప్రతిసారి పసివాని తరగతిగది మాఱవలసివచ్చుటయే మా బాధ. మధ్యాహ్న భోజనమును చూడుడు. 2001 లో సర్వోన్నత న్యాయస్థానము వండిన యన్నము పెట్టి తీరవలెనని ఆజ్ఞాపించెను. 2013 నాటి ఆహారభద్రతా శాసనము దానిని హక్కు చేసినది. ఏ ప్రభుత్వము వచ్చినను, పేరు మార్చినను, కంచము తీయలేకపోయినది. చదువునకును అట్టి నిలకడ కావలెను.

రాష్ట్రమున కా యధికారము గలదా? గలదు. 1976 నాటి 42 వ సవరణ విద్యను ఉమ్మడి జాబితాలో జేర్చినది. 1982 లో మన రాష్ట్రము తన విద్యాశాసనమును తాను చేసికొన్నది. కేంద్రశాసనము 14 ఏండ్లవఱకు హక్కు నిచ్చినది. అంతకు మించి యీయవలదని ఎక్కడను చెప్పలేదు. నేల చూపినది గాని, కప్పు వేయలేదు. బాలన్యాయ విషయమునను నియమావళి చేయుటకు రాష్ట్రప్రభుత్వమునకు 110 వ సెక్షను అధికార మిచ్చినది. ఎచ్చటనైన కేంద్రశాసనముతో విరోధము వచ్చినచో, రాష్ట్రపతి యామోదము పొందు త్రోవను రాజ్యాంగమే 254 వ యధికరణమున చూపినది.

కావున మేము కోరు శాసనమున నైదు సంగతు లుండవలెను.

మొదటిది: 18 ఏండ్లవఱకు, ఇంటర్మీడియెట్టు ముగియువఱకు, ఉచితవిద్య హక్కు కావలెను. తండాలకును గూడెములకును దూరమైన చోట వసతిగృహముగాని ప్రయాణసౌకర్యముగాని ఆ హక్కులో భాగము కావలెను.

రెండవది: వలసకూలి బిడ్డ వెంట వాని బడిపేరు నడువవలెను. పంపు మండలమునకును, వచ్చు మండలమునకును ఉమ్మడి బాధ్యత విధింపవలెను. సీజనల్ హాస్టలు పొలముపని మొదలగుటకు ముందే తెఱువబడవలెను.

మూడవది: ప్రైవేటు బడులలో నాలుగవ వంతు సీట్లు ఎవరికిచ్చిరో ఏటేట మండలమువారీగా ప్రకటింపవలెను. ఆ రుసుమును ప్రభుత్వము గడువులోపల చెల్లింపవలెను. సర్కారు బకాయికి పసివానిని గుమ్మమున నిలుపరాదు.

నాలుగవది: బాలునిపై కేసు వచ్చినంతమాత్రమున బడినుండి పేరు కొట్టివేయరాదు, పరీక్ష తప్పింపరాదు. బాలన్యాయ మండలి నెలకొకమాఱైనను గురజాల, మాచర్లవంటి దూరపు పట్టణములలో కూర్చుండవలెను. ప్రాథమిక పరిశీలనలో ఆ బాలుని బడిచరిత్ర, ఎప్పుడు చదువు మానెను, ఎవరైన వెదకి పిలిచిరా యను నివేదిక తప్పక యుండవలెను.

ఐదవది: ప్రతి మండలమున బడి వెలుపల నున్న బాలబాలికల లెక్కను విద్యామంత్రి ఏటేట శాసనసభ యెదుట నుంచవలెను. సభలో చదువబడని లెక్కకు సిగ్గుండదు.

ధన మెక్కడిదని యడుగుదురు. గోఖలేగారినాడును ఇదే ప్రశ్న. కాని ఇందు నేడొక విశేషము గలదు. అమ్మఒడియు, తల్లికి వందనమును ఇంటర్మీడియెట్టు వఱకు వర్తించినవి. 2025 జనవరినుండి ప్రభుత్వ జూనియరు కళాశాలలలో మధ్యాహ్న భోజనము మొదలైనది. అనగా పరస్పరము వైరముగల రెండు పక్షములును పన్నెండవ తరగతివఱకు పిల్లవాని భారము రాజ్యముదే యని చేతలచేత నొప్పుకొన్నవి. చేత నొప్పుకొన్నదానిని శాసనమున వ్రాయుటకు జంకు ఎందుకు?

పేదయింటికి పిల్లవాని కూలి యాధారము గదా యని మఱియొక శంక. దీనికి జవాబు తెలుగునేలమీదనే దొరకినది. ఆచార్య శాంతా సిన్హాగారి నాయకత్వమున వెంకటరంగయ్య ఫౌండేషనువారు 1990 ల నుండి రంగారెడ్డి జిల్లాలో పనిమానిన బాలబాలికలను శిబిరములలో నుంచి, వయస్సునకు దగిన తరగతికి సిద్ధముచేసి బడికి పంపిరి. బడి వెలుపలనున్న ప్రతి బిడ్డయు బాలకార్మికుడేయని వారు సూత్రము పెట్టుకొనిరి. పేదతల్లి చదువు వలదనలేదు. చేర్చుకొను బడి యున్నదని నమ్మిన వెంటనే పంపినది. 2003 లో ఆమెకు మెగసెసే బహుమానము వచ్చుట అందఱు నెఱుగుదురు. పిల్లవాడు పొలము విడిచినచో ఆ పని పెద్దలకు దొరకును. పెద్దల కూలి పెరుగుటకు వీలు కలుగును. పిల్లల చౌకకూలియే పెద్దల కూలికి శత్రువు.

మాచర్లలో బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టెనని మనము గర్వింతుము. ఒకే చాపమీద ఎల్లకులములవారు కూర్చుండి భుజించిరని చెప్పుకొందుము. నేటి చాపకూడు తరగతిగదియే. 1895 లో వినుకొండలో జన్మించిన గుఱ్ఱము జాషువ మహాకవి అంటరానితనపు కాఱుచిచ్చులో పెరిగియు ఉపాధ్యాయుడై, కవియై, 1941 లో గబ్బిలమును లోకమున కిచ్చెను. అట్టి వారిని చూపి 'చదువదలచినవాడు ఎట్లయినను చదువును' అని కొంద ఱనుట మేము వింటిమి. అది తప్పు. ముండ్లకంచెను దాటివచ్చిన ఒకని చూపి కంచెను మెచ్చుకొనరాదు. దాటలేక ఆవలనే మిగిలిన జాషువలు ఎందఱో వారి పేర్లు మనకు తెలియవు. తెలియకపోవుటయే మన నష్టము.

సోదరులారా, పల్నాటి జిల్లా 2022 ఏప్రిల్ 4 న ఏర్పడినది. ఈ జిల్లాకు శాసనసభలో ఏడు స్థానము లున్నవి: నరసారావుపేట, మాచర్ల, గురజాల, వినుకొండ, సత్తెనపల్లి, చిలకలూరిపేట, పెదకూరపాడు. మీ శాసనసభ్యునికి మీరు రోడ్డుకై అర్జీ వ్రాసితిరి, కాలువనీటికై వ్రాసితిరి. ఇకమీదట ఈ బిల్లుకై వ్రాయుడు. మీ యూరి బడి యాజమాన్య సంఘమున ఎవరున్నారో, ఎప్పుడు కూర్చుండిరో కనుగొనుడు. ఎనిమిదవ తరగతినుండి తొమ్మిదికి వచ్చునప్పుడు మీ యూర ఎందఱు తగ్గిరో బడిపట్టీ చూచి లెక్కించి, ఆ లెక్కను ఈ పఠనాలయపు గోడమీద వ్రాయించుడు. వార్తలు చదువుటకు వచ్చు ప్రతివాడును ముందుగా దానినే చదువవలెను.

హనుమంతు పుల్లరి కట్టబోమనెను. మనమును నొక పన్ను కట్టబోమని చెప్పవలసిన కాలము వచ్చినది. పదునాలుగేండ్లు నిండిన ప్రతి పేదబిడ్డ భవిష్యత్తును ఏటేట పొలమునకును, పందిరికిని, ఠాణాకును చెల్లించు పన్ను అది. దానిని రద్దుచేయు శాసనము వచ్చువఱకు అడుగుచునేయుందము. జయము మనదగు గాక!